సీతాఫలం గింజల నూనె ‘నాన్ టాక్సిక్’ అన్న రిపోర్టు, మేం మళ్లీ మొదటి నుంచి కట్టిన అస్సే

మా ల్యాబ్‌కు వచ్చిన ఈ శాంపిల్ సీతాఫలం గింజల నూనె. పంపింది బాలానగర్ వైపు పండ్ల గుజ్జు తీసే ఒక చిన్న యూనిట్. బాలానగర్ సీతాఫలం గురించి పాలమూరు వాళ్లకు కొత్తగా చెప్పాల్సిన పనిలేదు. సీజన్ వస్తే రోడ్డు పొడవునా బుట్టలు పెట్టుకుని అమ్ముతుంటారు. గుజ్జు ఐస్‌క్రీమ్ వాళ్లకు పోతుంది, గింజలు మాత్రం కుప్పలుగా మిగిలిపోతాయి. ఆ గింజల నుంచి నూనె తీసి, పేలు పోవడానికి తలనూనెగా అమ్మాలన్నది వాళ్ల ఆలోచన. ఊళ్లలో ఈ గింజలు నూరి తలకు పట్టించడం పాత అలవాటే, పేలు చస్తాయి కూడా.

వాళ్ల చేతిలో అప్పటికే వేరే ల్యాబ్ ఇచ్చిన రిపోర్టు ఉంది. హెప్‌జీ2 అనే కాలేయపు కణాల మీద 24 గంటల ఎంటీటీ టెస్టు (బతికిన కణాలను రంగుతో కొలిచేది) చేశారు, ఏ డోసు దగ్గరా బతికిన కణాల శాతం పెద్దగా పడిపోలేదు, కాబట్టి కింద ‘నాన్ టాక్సిక్’ అని రాసి సంతకం పెట్టారు. "విషం లేదని వాళ్లు రాసిచ్చిన్రు సార్, మీరు గూడ ఒకసారి చేసి ఇస్తే లైసెన్సుకు పెట్టుకుంటం" అన్నాడు యూనిట్ నడిపే అబ్బాయి. నేను అడిగింది ఒక్కటే: "పేలను చంపేదేదో అందులో ఉంది కదా తమ్మీ, మరి అది ఈ టెస్టులో ఎందుకు కనపడలేదు?"

ఆ రిపోర్టులో లెక్కలు తప్పని నేను అనను. ప్లేట్ (కణాలు పెంచి పరీక్షించే గుంటల పలక) బాగానే చేసి ఉంటారు. కానీ వాళ్లు పెట్టిన పరిస్థితుల్లో ఈ గింజలోని విషం బయటపడే వీలే లేదు. అది ఎందుకో, దాన్ని బయటపెట్టే అస్సే (ల్యాబ్‌లో కొలిచే పరీక్ష) ఎలా కట్టాలో, కట్టిన అస్సేను నమ్మొచ్చని ఎలా తేల్చుకోవాలో వివరంగా రాస్తున్నాను. మా దగ్గరికి ప్రాజెక్టుకు వచ్చే ఎమ్మెస్సీ పిల్లల్లో చాలామంది మొక్కల ఎక్స్‌ట్రాక్ట్ తెచ్చి "ఎంటీటీ చేద్దాం సార్" అనే మొదలుపెడతారు, వాళ్లకు కూడా పనికొస్తుంది.

గింజలో ఉన్నది ఏమిటి

సీతాఫలం కుటుంబం మొక్కల్లో ఎసిటోజెనిన్లు అనే పదార్థాలు ఉంటాయి. పొడవాటి కొవ్వు ఆమ్లం గొలుసు, మధ్యలో ఒకటో రెండో టెట్రాహైడ్రోఫ్యూరాన్ వలయాలు, చివర ఒక లాక్టోన్. ఈ జాతిలో మొదటిదైన యువారిసిన్‌ను 1982లో వేరు చేశారు, ఆ తర్వాత వందల్లో బయటపడ్డాయి. సీతాఫలం గింజల్లో బాగా తెలిసినది స్క్వామోసిన్. ఇవన్నీ దాదాపు ఒకే చోట దెబ్బ కొడతాయి: కణానికి శక్తి తయారుచేసే మైటోకాండ్రియాలో, ఎలక్ట్రాన్ల గొలుసు మొదలయ్యే కాంప్లెక్స్ 1 అనే ప్రోటీన్ల గుంపు దగ్గర. చేపల్ని పట్టడానికీ పురుగుల్ని చంపడానికీ వాడిన రోటినోన్ కూడా అక్కడే పట్టుకుంటుంది. అంటే ఇది కణం పొరను చీల్చే విషం కాదు, కణానికి శక్తి తయారయ్యే దారిని మూసేసే విషం.

ఇదే కుటుంబంలోని లక్ష్మణఫలం విషయంలో ఇంకో సంగతి ఉంది. కరీబియన్‌లోని గ్వాడెలూప్ దీవిలో ఆ పండూ ఆకుల కషాయమూ ఎక్కువగా తీసుకునే వాళ్లలో మామూలు మందులకు లొంగని పార్కిన్సన్ తరహా జబ్బు కనపడుతోందని 1999లో లాన్సెట్‌లో వచ్చింది. అది సంబంధం మాత్రమే, కారణం అదేనని తేలిపోలేదు. కానీ అందులోని అనోనాసిన్ కూడా కాంప్లెక్స్ 1ను అడ్డుకునే ఇన్హిబిటరే. ఇంత తెలిసిన తర్వాత, గింజల నూనె అనగానే మైటోకాండ్రియా వైపు చూడకుండా ఉండటం కుదరదు.

కణాలు ఎందుకు చావలేదు

హెప్‌జీ2 అనేది 15 ఏళ్ల అబ్బాయి కాలేయపు కణితి నుంచి 1970ల్లో తీసిన కణాల వరుస. చవక, త్వరగా పెరుగుతాయి, అందుకే ప్రతి ల్యాబ్‌లోనూ ఉంటాయి. మామూలుగా వీటిని పెంచే డీఎంఈఎం అనే మీడియాలో, అంటే కణాలకు తిండి అందించే ద్రవంలో, గ్లూకోజ్ 25 మిల్లీమోలార్, అంటే లీటరుకు నాలుగున్నర గ్రాములు. షుగర్ టెస్టు లెక్కలో చెప్పాలంటే 450. పరగడుపున మన రక్తంలో ఉండేదానికి దాదాపు ఐదు రెట్లు. ఇంత చక్కెర దొరికినప్పుడు కణితి కణాలు మైటోకాండ్రియా మీద ఆధారపడటం మానేసి గ్లైకాలిసిస్ మీదే, అంటే మైటోకాండ్రియా బయటే చక్కెరను విరిచి శక్తి తీసుకునే దారి మీదే బతుకుతాయి. 1929లో క్రాబ్‌ట్రీ అనే శాస్త్రవేత్త చెప్పింది ఇదే, ఇప్పటికీ ఆయన పేరుతోనే పిలుస్తాం. బోరు ఎండిపోయినా రోజూ ట్యాంకర్ వస్తున్నంతకాలం ఇంట్లో నీళ్ల కరువు తెలియదు కదా, అలాగే కాంప్లెక్స్ 1 మూసుకుపోయినా ఈ కణాలకు ఒక రోజులో ఏమీ తెలియదు. మన శరీరంలోని కాలేయ కణం అలా కాదు, గుండె కండరం అసలే కాదు. వాటికి మైటోకాండ్రియానే దిక్కు.

దీనికి మందు తెలిసిందే. గ్లూకోజ్ తీసేసి గెలాక్టోజ్ పెట్టాలి. గెలాక్టోజ్ గ్లైకాలిసిస్‌లోకి చేరే దారి చాలా నెమ్మది, ఆ వేగానికి వచ్చే ఏటీపీ (కణం ఖర్చుపెట్టుకునే శక్తి అణువు) కణానికి సరిపోదు, దాంతో అది మైటోకాండ్రియాను వాడక తప్పదు. 2007లో మారోక్విన్ బృందం హెప్‌జీ2 మీదే దీన్ని పద్ధతిగా చూపించింది. ఒకే శాంపిల్‌ను రెండు మీడియాల్లో పక్కపక్కన పరీక్షిస్తాం. రెండింటిలోనూ ఒకే డోసుకు చస్తే అది మామూలు విషం, గెలాక్టోజ్‌లో చాలా తక్కువ డోసుకే చస్తే మైటోకాండ్రియా మీద అనుమానం. రెండు ఐసీ50ల (సిగ్నల్‌ను సగానికి తగ్గించే డోసు) మధ్య నిష్పత్తి మూడు రెట్లు దాటితే పట్టించుకోవాలన్నది చాలామంది వాడే గీత.

ఇక ఎంటీటీ. మోస్మన్ 1983లో ఇచ్చిన పద్ధతి, పసుపు టెట్రాజోలియం బతికున్న కణంలో ఊదా రంగు ఫార్మజాన్‌గా మారుతుంది, 570 నానోమీటర్ల దగ్గర చదువుతాం. దీన్ని చాలామంది ‘మైటోకాండ్రియా టెస్టు’ అనుకుంటారు. నిజానికి ఆ మార్పులో పెద్ద భాగం మైటోకాండ్రియా బయట ఎన్‌ఏడీహెచ్, ఎన్‌ఏడీపీహెచ్ అనే ఎలక్ట్రాన్లు మోసే అణువుల్ని వాడుకునే ఎంజైములదే. కాంప్లెక్స్ 1 మూసేస్తే ఎన్‌ఏడీహెచ్ ఖర్చుకాక పేరుకుంటుంది. అప్పుడు ఎంటీటీ అంకె తగ్గొచ్చు, నిలవొచ్చు, కొన్నిసార్లు పెరగనూ వచ్చు. ఇంకో తంటా, మొక్కల ఎక్స్‌ట్రాక్టుల్లో ఉండే పాలీఫినాళ్లు కణాలే లేని వెల్‌లో (ప్లేట్‌లోని చిన్న గుంట) కూడా ఎంటీటీని ఊదాగా మార్చేస్తాయి. 110, 120 శాతం బతికాయని వచ్చే థీసిస్ గ్రాఫుల్లో కొన్నింటి వెనక ఉన్నది ఇదే. కణాలు లేకుండా ఎక్స్‌ట్రాక్టూ ఎంటీటీ మాత్రమే వేసిన వరుస ఒకటి పెడితే అరపూటలో తేలిపోయే విషయం ఇది. దయచేసి పెట్టండి.

అస్సే కట్టిన తీరు

రీడౌట్‌గా, అంటే కొలిచే గుర్తుగా, ఏటీపీ తీసుకున్నాం. ఏటీపీ ఉన్నదాన్ని బట్టి వెలుగునిచ్చే లూసిఫరేజ్ ఎంజైము కిట్, తెల్లని 96 వెల్ ప్లేట్లు. మన ప్రశ్న శక్తి గురించి కాబట్టి శక్తినే కొలవాలి. తోడుగా అదే డోసులతో విడి ప్లేట్ మీద న్యూట్రల్ రెడ్ అనే రంగు పెట్టాం, బతికున్న కణం లైసోజోముల్లో (కణంలోని చిన్న సంచులు) ఆ రంగు నిలుస్తుంది, ఇథనాల్, ఎసిటిక్ ఆమ్లం కలిపిన నీళ్లతో దాన్ని బయటికి తీసి 540 దగ్గర చదువుతాం. రెండు రీడౌట్లూ రసాయనికంగా వేరు వేరు దారుల్లో పనిచేస్తాయి. ఒకదాన్ని మోసం చేసే పదార్థం రెండోదాన్ని కూడా అలాగే మోసం చేయడం అరుదు.

నూనెతోనే అసలు తిప్పలు. నూనెను నేరుగా మీడియాలో వేస్తే పైన తేలుతుంది, లేదంటే చిన్న చిన్న బొట్లయి కణాల మీద కూర్చుంటుంది. పైగా ఈ నూనెలో ఎక్కువగా ఉండేవి ఓలియిక్, లినోలియిక్ ఆమ్లాలు, అవి విడిపోయిన రూపంలో ఎక్కువైతే తమంతట తామే కణాల్ని చంపగలవు. అందుకని నూనెను హెక్సేన్‌లోకి తీసుకుని 90 శాతం మిథనాల్‌తో కడిగాం. కొవ్వు హెక్సేన్‌లో ఉండిపోతుంది, ఎసిటోజెనిన్లు మిథనాల్ పొరలోకి వస్తాయి. ఆ పొరను ఆరబెట్టి డీఎంఎస్‌ఓ అనే ద్రావకంలో కరిగించాం. దీనికి జోడుగా మార్కెట్లో దొరికే నువ్వుల నూనెను కూడా ఇవే మెట్లలో, ఇదే రోజు, ఇవే సీసాల్లో నడిపించాం. నువ్వుల నూనె నుంచి ఇలా వేరు చేసిన భాగం (ఫ్రాక్షన్) కూడా విషంగా కనపడితే మనం కొలుస్తున్నది సాల్వెంటునో కొవ్వునో అని అర్థం. ఇంకో నువ్వుల నూనెలో తెలిసిన మోతాదులో రోటినోన్ కలిపి అదే దారిలో పంపాం, చివర అస్సేలో అది దాని అసలు బలంతో బయటికి వస్తుందా లేదా చూడటానికి. ఇలా కావాలని కలిపిన స్పైక్ లేకపోతే శాంపిల్‌లో విషం లేదని రాసే హక్కు మనకు లేదు, విషం మన చేతుల్లోనే, సీసా గోడలకే అంటుకుపోయి ఉండొచ్చు కాబట్టి.

అంటుకుపోవడం అన్నది మాటవరసకు అన్నది కాదు. ఇంత కొవ్వు స్వభావం ఉన్న పదార్థాన్ని మీడియాలో సీరియల్ డైల్యూషన్ (మెట్టు మెట్టుగా పలచన) చేస్తే ప్రతి మెట్టులోనూ కొంత ప్లాస్టిక్‌కు పోతుంది, చివరి డోసుల దగ్గర కాగితం మీద ఉన్న అంకెకూ వెల్‌లో ఉన్న దానికీ పొంతన ఉండదు. అందుకే డైల్యూషన్లన్నీ పూర్తి డీఎంఎస్‌ఓలో, గాజు సీసాల్లో చేసి, ఒక్కో దాన్ని విడిగా మీడియాలోకి దించాం. వెల్‌లో డీఎంఎస్‌ఓ ఎక్కడైనా సరే 0.5 శాతమే, అన్ని డోసుల్లో, కంట్రోళ్లలో కూడా.

సీరమ్ విషయం చెప్పాలి, ఎందుకంటే ఇక్కడ చాలామంది జారిపోతారు. గ్లూకోజ్ లేని మీడియా కొని, గెలాక్టోజ్ 10 మిల్లీమోలార్ కలిపి, దాంట్లో మామూలు ఎఫ్‌బీఎస్ (దూడ పిండం సీరమ్) పది శాతం పోస్తే సీరమ్‌తో పాటు గ్లూకోజ్ మళ్లీ లోపలికి వస్తుంది. గ్లూకోజ్ లాంటి చిన్న అణువుల్ని తీసేసిన డయలైజ్డ్ సీరమ్ వాడాలి. ధర ఎక్కువే, ఒప్పుకుంటాను, కానీ రెండు మీడియాల్లోనూ అదే వాడితేనే పోలిక నిలుస్తుంది. గ్లూటమిన్, పైరువేట్ రెండింటిలో ఒకే మోతాదు. తేడా అంటే చక్కెర ఒక్కటే ఉండాలి.

గెలాక్టోజ్‌లో కణాలు నెమ్మదిగా పెరుగుతాయి. అందుకని రెండు మీడియాల అంకెల్ని నేరుగా పోల్చకుండా, ఏ మీడియా డోసుల్ని ఆ మీడియాలోని డీఎంఎస్‌ఓ వెల్స్‌తోనే శాతంగా మార్చాం. కణాల సంఖ్య ఎంత వేయాలన్నది కూడా రెండింటిలో విడిగా చూసుకున్నాం, వెలుగు అంకె కణాల సంఖ్యతో పాటు సరళరేఖలో పెరిగే మధ్య భాగంలో ఉండేలా.

వ్యాలిడేషన్: ఎక్కువ కాలం పట్టింది ఇక్కడే

స్క్రీనింగ్ అస్సే అనగానే అందరూ జెడ్ ప్రైమ్, అంటే పై, కింది కంట్రోళ్లు ఎంత స్పష్టంగా విడిపోతున్నాయో చెప్పే అంకె, అడుగుతారు. 1999లో జాంగ్, చుంగ్, ఓల్డెన్‌బర్గ్ ఇచ్చిన సూత్రం: పై కంట్రోల్, కింది కంట్రోల్ రెండింటి స్టాండర్డ్ డీవియేషన్లు కలిపి, మూడుతో గుణించి, రెండు సగటుల తేడాతో భాగించి, ఒకటిలోంచి తీసేయడం. 0.5 దాటితే మంచి అస్సే అంటారు. ఒక లెక్క చేసి చూద్దాం. పై సగటు 1.2, కింది సగటు 0.1 అనుకోండి. డీవియేషన్లు 0.06, 0.02 అయితే జెడ్ ప్రైమ్ 0.78 వస్తుంది. ఇప్పుడు పై డీవియేషన్ 0.15కు పెరిగింది, అంటే ఏ మందూ వేయని వెల్స్ మధ్యే పన్నెండున్నర శాతం ఊగిసలాట. అప్పుడు కూడా 0.54 వస్తుంది, పాసే. అంటే 20 శాతం తగ్గుదలను పట్టుకోవాల్సిన చోట ఈ అస్సే తడబడుతుంది, కానీ అంకె మాత్రం బాగుందనే చెబుతుంది.

దానికన్నా పెద్ద సమస్య కింది కంట్రోల్‌గా ఏది పెట్టామన్నది. ఎస్‌డీఎస్ అనే డిటర్జెంట్ పోస్తే ఏ కణమైనా చస్తుంది, గ్లూకోజా గెలాక్టోజా అని చూడదు. దాంతో జెడ్ ప్రైమ్ అద్భుతంగా వస్తుంది. అయినా ఆ ప్లేట్ మైటోకాండ్రియా విషాన్ని చూడగలదా అన్న ప్రశ్నకు అందులో జవాబే లేదు. పాత రిపోర్టులో పాజిటివ్ కంట్రోల్ ఇలాంటిదే. అది పనిచేసింది కాబట్టి అస్సే పనిచేసిందని అనుకున్నారు. మా ప్లేట్‌లో రెండు పెట్టాం: డిజిటోనిన్, కణం పొరను చీల్చే ఇది రెండు మీడియాల్లోనూ ఒకేలా చంపాలి, రోటినోన్, ఇది గెలాక్టోజ్‌లో మాత్రమే తక్కువ డోసుకే చంపాలి. ప్లేట్ అంగీకరించాలంటే జెడ్ ప్రైమ్‌తో పాటు రోటినోన్ ఎడం (రెండు మీడియాల ఐసీ50ల మధ్య తేడా) కూడా కనపడాలి. ఎడం లేకపోతే మిగతా అంకెలు ఎంత బాగున్నా ఆ ప్లేట్ చెత్తబుట్టలోకే. రోటినోన్ వెలుతురుకు పాడవుతుంది కాబట్టి చిన్న చిన్న వంతులుగా చేసి చీకట్లో మైనస్ 20లో పెట్టుకోవాలి.

ప్లేట్ యూనిఫార్మిటీకి, అంటే ప్లేట్ అంతటా సిగ్నల్ ఒకేలా ఉందా చూడటానికి, అస్సేలు కట్టే వాళ్ల చేతిపుస్తకం అస్సే గైడెన్స్ మాన్యువల్‌లో చెప్పిన పద్ధతినే పట్టుకున్నాం. పూర్తి సిగ్నల్, మధ్య సిగ్నల్, కనీస సిగ్నల్ వెల్స్‌ను ఒకే ప్లేట్‌లో నిలువు వరుసలుగా మార్చి మార్చి వేయడం, వరుసల క్రమం ప్లేట్ ప్లేట్‌కూ మార్చడం, మూడు వేరు వేరు రోజుల్లో చేయడం. మధ్య సిగ్నల్ ఇక్కడ చాలా ముఖ్యం, ఐసీ50 పుట్టేది అక్కడే. రోటినోన్‌ను దాని ఐసీ50 దగ్గరి డోసులో అందుకు వాడాం. అన్ని స్థాయిల్లో సీవీ (సగటుతో పోలిస్తే ఊగిసలాట) 20 శాతం లోపు ఉండాలి, ఒక అంచు నుంచి ఇంకో అంచుకు వాలు కనపడకూడదు.

వాలు కనపడింది. పాలమూరు ఎండాకాలం సంగతి తెలిసిందే కదా. ఏప్రిల్, మేలో గాలిలో తడి ఉండదు, ఇంక్యుబేటర్ తలుపు తీసినప్పుడల్లా లోపలి తేమ పోతుంది, అడుగున పెట్టిన నీళ్ల ట్రే అనుకున్నదానికన్నా ముందే అడుగంటుతుంది. ప్లేట్ అంచు వెల్స్‌లో మీడియా ఇంకిపోయి, అందులోని ఉప్పులూ మందూ చిక్కబడతాయి. గ్లూకోజ్ ప్లేట్‌లో ఇది పెద్దగా తెలియలేదు, గెలాక్టోజ్ ప్లేట్‌లో మాత్రం అంచుల సిగ్నల్ స్పష్టంగా పడిపోయింది, అప్పటికే ఇరుకులో ఉన్న కణాలు కాబట్టి. అంచున ఉన్న 36 వెల్స్‌నూ వదిలేసి బఫర్‌తో నింపాం, లోపలి 60 మాత్రమే వాడాం. కణాలు వేసిన వెంటనే ఇంక్యుబేటర్‌లో పెట్టకుండా అరగంట సేపు బల్ల మీదే ఉంచడం మొదలుపెట్టాం, అప్పుడు అన్నీ ఒకేలా అడుగుకు దిగుతాయి. ట్రే నీళ్లు పొద్దునా సాయంత్రం చూసే బాధ్యత ఒక మనిషి పేరు మీద రాశాం. ఆ ట్రేలో డిస్టిల్డ్ నీళ్లే పోస్తాం, బోరు నీళ్లు దరిదాపుల్లోకి రానీయం. అటు నల్గొండ దాకా మన బోర్లలో ఉప్పు, ఫ్లోరైడ్ ఎంత ఉంటాయో ఇక్కడి వాళ్లకు వేరే చెప్పక్కర్లేదు.

లూసిఫరేజ్‌ను నేరుగా అడ్డుకునే పదార్థాలు చాలా ఉన్నాయి. అలాంటిది శాంపిల్‌లో ఉంటే కణాలు బాగానే ఉన్నా వెలుగు తగ్గి విషంలా కనపడుతుంది. అందుకే కణాలు లేకుండా తెలిసిన ఏటీపీలో శాంపిల్, రీజెంట్ కలిపి వెలుగు తగ్గుతుందా చూశాం. తగ్గలేదు. అదీ తేలాక శాంపిళ్ల మీద కోడ్ నంబర్లు వేసి, ఏది నువ్వుల నూనె, ఏది గింజల నూనె, ఏది స్పైక్ చేసినదో పైపెట్ పట్టుకున్న వాళ్లకు తెలియకుండా నడిపాం. మళ్లీ మళ్లీ చేసిన రన్‌ల మధ్య ఐసీ50 ఎంత ఊగుతోందో కూడా లెక్కేశాం. ఆ ఊగిసలాటకు కొలత అయిన మినిమమ్ సిగ్నిఫికెంట్ రేషియో మూడు లోపు ఉండాలన్నది మాన్యువల్ గీత. ఇది మా కేసుకు ఇంకా ముఖ్యం, ఎందుకంటే మనం నిర్ణయం తీసుకునే గీతే మూడు రెట్లు. అస్సే తనంతట తానే మూడు రెట్లు ఊగితే గ్లూకోజ్, గెలాక్టోజ్ తేడాకు అర్థమే ఉండదు. రెండు మీడియాలనూ ఒకే రోజు, ఒకే పాసేజ్ (ఒకే తరం) కణాలతో, ఒకే డైల్యూషన్ నుంచి నడపడం వల్ల ఆ ఊగిసలాటలో చాలా భాగం తగ్గిపోయింది.

కణాల గుర్తింపు, మైకోప్లాస్మా టెస్టు గురించి రెండు ముక్కలు. పక్క ల్యాబ్ నుంచి ఫ్లాస్క్ తెచ్చుకుని పెంచుకోవడం మన దగ్గర మామూలు. పుణేలోని ఎన్‌సీసీఎస్ లాంటి కణాల రిపాజిటరీ నుంచి తెచ్చుకుని, డీఎన్‌ఏతో కణాల గుర్తింపు చూపే ఎస్‌టీఆర్ ప్రొఫైల్ కాగితం ఫైల్లో పెట్టుకోండి. మైకోప్లాస్మా అనే బ్యాక్టీరియా పట్టిన కణాల శక్తి వ్యవహారమే మారిపోతుంది, ఈ తరహా అస్సేకు అది ప్రాణాంతకం.

ప్లేట్‌లో కనపడింది

రీడర్‌లో పెట్టకముందే కంటికి కనపడింది. మీడియాలో ఫినాల్ రెడ్ ఉంటుంది కదా, ఆమ్లం పెరిగితే గులాబీ నుంచి నారింజకు, పసుపుకు తిరుగుతుంది. గ్లూకోజ్ వైపు, గింజల నూనె ఫ్రాక్షన్ వేసిన వెల్స్ పక్కనున్న డీఎంఎస్‌ఓ వెల్స్ కన్నా పసుపుగా ఉన్నాయి. మైక్రోస్కోప్ కింద కణాలు అడుగున అతుక్కుని, ఆకారం చెడకుండా ఉన్నాయి. చావలేదు, కానీ మైటోకాండ్రియా దారి మూసుకుపోవడంతో చక్కెరను ఆత్రంగా మండిస్తూ లాక్టిక్ ఆమ్లం వదులుతున్నాయి. రోటినోన్ వెల్స్‌లో కూడా అదే పసుపు. గెలాక్టోజ్ వైపు చూస్తే అవే డోసుల దగ్గర మీడియా గులాబీగానే ఉంది, కణాలు మాత్రం గుండ్రంగా ముడుచుకుని, గుత్తులుగా ఊడి తేలుతున్నాయి. నువ్వుల నూనె ఫ్రాక్షన్ వెల్స్ రెండు వైపులా కంట్రోల్ లాగే ఉన్నాయి. మా జూనియర్ ప్లేట్‌ను లైట్ బాక్స్ మీద పెట్టి, "అన్నా, కోడ్ విప్పకముందే తెలిసిపోతోంది" అంది.

అంకెలు అదే చెప్పాయి. గెలాక్టోజ్‌లో ఏటీపీ కర్వ్ బాగా ఎడమకు, అంటే తక్కువ డోసుల వైపు, జరిగింది, నిష్పత్తి మూడు రెట్ల గీతను చాలా దూరం దాటింది, వేరే వేరే రోజుల్లోనూ అలాగే నిలిచింది. న్యూట్రల్ రెడ్ కూడా అదే దిశలో వచ్చింది, కాకపోతే ఏటీపీ కన్నా కొంచెం ఆలస్యంగా, ఎక్కువ డోసు దగ్గర. అది సహజమే, శక్తి ముందు పోతుంది, లైసోజోములు తర్వాత. డిజిటోనిన్‌కు రెండు మీడియాల మధ్య తేడా లేదు. స్పైక్ చేసిన రోటినోన్ మా హద్దుల్లోనే తిరిగి దొరికింది. పోలిక కోసం పాత రిపోర్టు పద్ధతినే, అంటే గ్లూకోజ్‌లో 24 గంటల ఎంటీటీ, అదే ఫ్రాక్షన్‌తో మా దగ్గర చేశాం. వాళ్లకు వచ్చినట్టే వచ్చింది, పెద్దగా తగ్గుదల లేదు. 72 గంటలకు పొడిగిస్తే గ్లూకోజ్‌లో కూడా సంఖ్య పడిపోయింది. అంటే ఆ రిపోర్టు తప్పు అంకె ఇవ్వలేదు, ఆ అంకె పక్కన రాసిన మాటే తప్పు.

మందుల కంపెనీల వాళ్లకు ఇది వేరే లోకం కథ అనిపించవచ్చు గానీ కాదు. ట్రోగ్లిటజోన్ అనే షుగర్ మందు కాలేయాన్ని దెబ్బతీస్తోందని 2000లో అమెరికా మార్కెట్ నుంచి తీసేశారు. దాని విషంలో మైటోకాండ్రియా పాత్ర ఉందన్నది ఇప్పుడు బాగా చర్చించిన విషయమే. కొత్త మాలిక్యూల్స్‌ను తొలి దశలోనే గ్లూకోజ్, గెలాక్టోజ్ జతలో నడపడం అలవాటుగా మారడం వెనక ఇలాంటి అనుభవాలే ఉన్నాయి. అలాగని గెలాక్టోజ్‌లో హెప్‌జీ2 సర్వరోగ నివారిణి అని కూడా అనుకోవద్దు. ఈ కణాల్లో పదార్థాలను మార్చే సీవైపీ ఎంజైములు చాలా తక్కువ, కాలేయంలో మారిన తర్వాతే విషమయ్యే పదార్థాలను ఇవి పట్టుకోలేవు. దానికి హెపాఆర్‌జీ అనే కణాల వరుస గానీ నేరుగా కాలేయం నుంచి తీసిన ప్రైమరీ హెపటోసైట్లు గానీ కావాలి. మా రిపోర్టులో అది కూడా రాశాం.

రిపోర్టులో ఏం రాశాం, వాళ్లకేం చెప్పాం

‘టాక్సిక్’, ‘నాన్ టాక్సిక్’ అన్న ఒంటి మాటలు మా రిపోర్టులో లేవు. ఏ ఫ్రాక్షన్, ఏ కణాలు, ఏ మీడియా, ఎన్ని గంటలు, ఏ కంట్రోల్ ఎలా ప్రవర్తించింది, వీటితో పాటు ‘కాంప్లెక్స్ 1 తరహా మైటోకాండ్రియల్ విషత్వానికి సరిపోయే ఫలితం’ అని రాశాం. సరిపోయే అనే మాట జాగ్రత్తగా పెట్టినదే. కాంప్లెక్స్ 1 అని ఖాయంగా చెప్పాలంటే ఆక్సిజన్ వాడకం కొలవాలి, కాంప్లెక్స్ 1తో పనిలేని దారి అయిన కాంప్లెక్స్ 2కు దాని ఇంధనం సక్సినేట్ ఇచ్చి కణం శ్వాస తిరిగి వస్తుందేమో చూడాలి. ఆ పరికరం మా దగ్గర లేదు.

ఆ అబ్బాయి ముఖం చిన్నబోయింది. "అంటే మా నూనె పనికిరాదా సార్?" అన్నాడు. పనికిరాదని మేం చెప్పడం లేదు. కాలేయ కణం మీద వచ్చిన ఫలితంతో తల చర్మం నుంచి ఎంత లోపలికి పోతుందో చెప్పలేం. కానీ తలనూనె విషయంలో నాకు కాలేయం కన్నా ముందు భయం కళ్లే. సీతాఫలం గింజల పొడి కంట్లో పడి కార్నియా దెబ్బతిన్న కేసులు మన దేశంలోనే కంటి డాక్టర్లు రాశారు. పేల మందు ఎవరికి రాస్తాం? బడికి పోయే ఆడపిల్లలకు. స్నానం చేయించేటప్పుడు నుదుటి మీది నుంచి కారేది నేరుగా కళ్లలోకే. ఆ పరీక్షలు కాకుండా ఒక్క సీసా కూడా బయటికి పోకూడదని గట్టిగానే చెప్పాను. కంటికి ఓఈసీడీ పరీక్షా మార్గదర్శకాలు 437, 492, చర్మం చికాకుకు 439 ఉన్నాయి. మొదటిది కబేళా నుంచి వచ్చే పశువుల కార్నియా మీద, మిగతావి ల్యాబ్‌లో పెంచిన మనిషి కణజాలం మీద చేసేవి, కుందేళ్ల కళ్లలో పోయాల్సిన పనిలేదు. అవి చేసే ల్యాబ్‌ల వివరాలు రాసిచ్చాం. పేలు పోతాయని సీసా మీద రాస్తే అది సబ్బులూ నూనెల లెక్కలోకి రాదు, మందు లెక్కలోకి వస్తుందనీ చెప్పాం.

పంట పురుగుల మందుగా పెట్టుకుంటే ఎలా ఉంటుందని తర్వాత అడిగారు. అది ఇంకా సబబైన దారి అనిపించింది నాకు, కాకపోతే అక్కడ 1968 నాటి ఇన్‌సెక్టిసైడ్స్ చట్టం కింద ఫరీదాబాద్‌లోని కేంద్ర బోర్డు రిజిస్ట్రేషన్ కావాలి, చేపల మీద, తేనెటీగల మీద డేటా అడుగుతారు. కాంప్లెక్స్ 1 ఇన్హిబిటర్లకు చేపలు ఎంత తొందరగా చస్తాయో రోటినోన్ చరిత్రే చెబుతుంది, చెరువు కింద వరి పెట్టే ఊళ్లలో దీన్ని తేలిగ్గా తీసుకోలేం.

ఆ జత మీడియాల పద్ధతిని ఇప్పుడు మొక్కల శాంపిళ్లన్నింటికీ మా ఎస్‌ఓపీలో (ల్యాబ్ పనికి రాసిపెట్టుకున్న పద్ధతి) చేర్చాం, రోటినోన్ ఎడం కనపడని ప్లేట్‌ను తిరస్కరించాలన్న నిబంధనతో సహా. గింజల యూనిట్ వాళ్లు కొత్త సీజన్ గింజల నుంచి గానుగలో తీసిన నూనె పంపుతామన్నారు. పాత శాంపిల్ సాల్వెంట్‌తో తీసినది. రెండింట్లో ఎసిటోజెనిన్లు ఎంతెంత దిగుతాయో పక్కపక్కన పెట్టి చూడాలి.